ఒక్క శాతం స్టియరేట్, మాత్ర గట్టిదనం

మాత్రల బ్యాచ్ ఒకటి చెడినప్పుడు అనుమానం మొదట కంప్రెషన్ మెషీన్ మీదికి పోతుంది, తరువాత ఆపరేటర్ మీదికి, ఆపైన గ్రాన్యూల్స్‌లో, అంటే మాత్రలుగా ఒత్తే పొడి గుళికల్లో, మిగిలిన తేమ మీదికి. ఫార్ములా పట్టికలో అట్టడుగు వరుసలో అర శాతమనో ఒక శాతమనో రాసి ఉండే లూబ్రికెంట్ దాకా ఆ అనుమానం దిగేసరికి ఇంకో బ్యాచ్ కూడా చేయి జారిపోయి ఉండవచ్చు. ఆ వరుసలో చాలా మటుకు కనిపించే పేరు మెగ్నీషియం స్టియరేట్. చెన్నైలో ఫార్ములేషన్ పని చేస్తూ నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది: మెగ్నీషియం స్టియరేట్‌ను మనం ఒకే ఒక పదార్థంగా లెక్కగడుతున్నాం గానీ, కొవ్వు ఆమ్లాల పాళ్లలో, పట్టుకున్న నీటిలో, రేకుల పలచదనంలో ఒక సరఫరాదారు స్టియరేట్‌కూ ఇంకొకరి స్టియరేట్‌కూ చాలా తేడా ఉంటుంది. ఆ తేడాలను ఎంచుకునే పనిని కొనుగోలు విభాగానికి వదిలేసి, వాటి పర్యవసానాన్ని కంప్రెషన్ గదిలో సరిదిద్దబోవడం తప్పు.

వాదనలోకి దిగే ముందు లూబ్రికెంట్ పని ఏమిటో కొంత చెప్పాలి. రోటరీ మెషీన్‌లో టరెట్ అనే చక్రం తిరుగుతూ ఉండగా, పొడిని అందించే ఫీడ్ ఫ్రేమ్ కింద డైలోకి, అంటే మాత్ర ఆకారం ఇచ్చే గుంటలోకి, పొడి దిగుతుంది. డైలో కిందా మీదా కదిలే రెండు ఉక్కు కడ్డీలను పంచ్‌లు అంటాం. కింది పంచ్ కాస్త లేచి ఎక్కువైన పొడిని బయటికి తోస్తుంది. ప్రీ-కంప్రెషన్ రోలర్ల మధ్య పొడిలోని గాలి కొంత బయటికి పోతుంది. అసలు రోలర్ల మధ్య పొడి బిళ్ళగా బిగుసుకుంటుంది. ఆఖరున కింది పంచ్ ఆ బిళ్ళను డైలోంచి పైకి నెడుతుంది. పంచ్‌ల ఒత్తిడి తీసేసిన తరువాత కూడా బిళ్ళ డై గోడను పక్కలకు నొక్కుతూనే ఉంటుంది కాబట్టి, బయటికి వచ్చేటప్పుడు గోడతో రాపిడి పడక తప్పదు. ఆ రాపిడిని తగ్గించడమే లూబ్రికెంట్ అసలు పని. టాల్క్‌ను, కొల్లాయిడల్ సిలికాను, స్టియరేట్‌ను ‘లూబ్రికేషన్’ అనే ఒకే శీర్షిక కింద రాసే అలవాటు మనకు ఉంది. నిజానికి సిలికా పొడిని చక్కగా పారేలా చేస్తుంది, టాల్క్ ముఖ్యంగా పంచ్ ముఖానికి పొడి అంటకుండా చూస్తుంది. గోడ రాపిడి విషయంలో అవి రెండూ స్టియరేట్‌కు సాటి రావు.

డైలో పొడిని ఒత్తి మాత్ర చేసే పద్ధతికి విలియం బ్రోకెడన్ 1843లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. ఆ తరువాత నూరేళ్లకు పైగా లూబ్రికెంట్ ఎంత వేయాలన్నది అనుభవం మీద, అంచనా మీద నడిచింది. 1950లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో టకేరు హిగుచి బృందం కంప్రెషన్ మెషీన్‌కు బలాన్ని కొలిచే స్ట్రెయిన్ గేజ్‌లు అమర్చింది. పై పంచ్ వేసిన బలంలో ఎంత కింది పంచ్‌కు చేరుతోంది, మాత్రను బయటికి నెట్టడానికి ఎంత బలం పడుతోంది అనే రెండు సంగతులు అప్పటినుంచి అంకెల్లో తెలియసాగాయి. ఈ రోజు మన దగ్గరున్న మెషీన్లలో చాలావాటికి మాత్రను బయటికి నెట్టే ఆ బలం, అంటే ఎజెక్షన్ ఫోర్స్, తెర మీద కనిపిస్తుంది, అయినా బ్యాచ్ రికార్డులో దానికి గడి ఉండదు. హార్డ్‌నెస్‌కు, అంటే గట్టిదనానికి, గడి ఉంటుంది, మందానికి ఉంటుంది, బరువుకు ఉంటుంది. లూబ్రికెంట్ సరిపోయిందో లేదో నేరుగా చెప్పే అంకెకు మాత్రం చోటు లేదు. ఈ విషయంలో నా మొదటి ఫిర్యాదు అదే.

లూబ్రికెంట్ చాలకపోతే ఆ సంగతి అంకె కన్నా ముందు చెవికి తెలుస్తుంది. ఆలత్తూరు పారిశ్రామికవాడ వైపు కంప్రెషన్ గదుల్లో నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి వచ్చిన ఆపరేటర్లు కొందరున్నారు. వాళ్లు “డై అరుస్తోంది సార్” అంటారు. మాత్ర గోడను రాసుకుంటూ పైకి వచ్చేటప్పుడు పుట్టే కీచుదనం అది. అప్పుడు ఒక మాత్రను తీసి దీపం కింద అడ్డంగా తిప్పి చూస్తే, అంచు పట్టీ మీద సన్నటి నిలువు గీతలు కనిపిస్తాయి. డై గోడకు పొడి పల్చగా అంటుకుని గట్టిపడి, తరువాత వచ్చే ప్రతి మాత్రనూ అదే చోట గీస్తూ ఉంటుంది. మెషీన్ ఆపి డైని తుడిస్తే గీతలు పోతాయి, కాసేపటికి మళ్లీ అదే చోట మొదలవుతాయి. ఇది చాలనితనానికి గుర్తు, పోల్చుకోవడం కష్టం కాదు.

మితిమీరినతనాన్ని పోల్చుకోవడం అంత సులువు కాదు. స్టియరేట్‌ను చిటికెడు తీసి వేళ్ల మధ్య రాస్తే రాపిడే తెలియనంత నున్నగా జారుతుంది, దులిపినా వేలి గీతల్లో తెల్లగా మిగిలిపోతుంది. బీకరులో నీళ్ల మీద చల్లితే మునగదు. గాజుకడ్డీతో కలిపి కిందికి తోసినా నీటిని విడిచి మళ్లీ పైకి తేలుతుంది. మాత్రలో అది చేసే మేలూ కీడూ ఈ రెండు లక్షణాల్లోనే ఉన్నాయి. స్టియరేట్ స్ఫటికాలు పల్చని రేకులు. బ్లెండర్ తిరుగుతున్నకొద్దీ ఆ రేకులు పొరలు పొరలుగా ఊడి, మందు కణాల మీద, మాత్రకు పరిమాణం ఇచ్చే ఫిల్లర్ కణాల మీద పూతగా పరుచుకుంటాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో బోల్‌హౌస్ బృందం 1975లో ఈ పూత సంగతిని విడమరిచి చూపింది. మడత చపాతీ చేసేటప్పుడు పొరల మధ్య నూనె రాసి పిండి చల్లితే, ఎంత బలంగా ఒత్తినా కాల్చాక పొరలు విడివిడిగా లేస్తాయి. స్టియరేట్ పూత పడిన కణాలు కూడా పంచ్ ఎంత నొక్కినా ఒకదానినొకటి గట్టిగా పట్టుకోవు.

ఈ నష్టం అన్ని పొడులకూ ఒకేలా ఉండదు. మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్, స్టార్చ్ వంటివి ఒత్తిడికి సాగి, ఒదిగి, పక్క కణాన్ని అతుక్కునే రకం. వాటి మీద పూత పడితే ఒత్తిడిలో కూడా ఆ పూత చాలా మటుకు చెక్కుచెదరదు కాబట్టి బంధం బలహీనమవుతుంది. డైకాల్షియం ఫాస్ఫేట్ అలా కాదు, నొక్కితే పగులుతుంది. పగిలినప్పుడల్లా స్టియరేట్ సోకని కొత్త ముఖాలు బయటపడి, అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. లాక్టోజ్ ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. అందుకే ‘ఒక శాతం స్టియరేట్ మామూలే’ అనే మాటకు ఫిల్లర్ ఏదో చెప్పకుండా అర్థం లేదు. ప్రీజెలటినైజ్డ్ స్టార్చ్ ఎక్కువగా ఉన్న ఫార్ములాలో అర శాతం దాటగానే గట్టిదనానికీ కరగడానికీ ఇబ్బంది మొదలవుతుంది. అక్కడ స్టియరిక్ ఆమ్లం మేలన్న సలహా ఎప్పటినుంచో ఉన్నదే.

చిక్కు ఎక్కడంటే, లూబ్రికెంట్ తక్కువైనా ఎక్కువైనా మాత్ర మీద కనిపించే రోగం ఒకటే కావచ్చు. మాత్ర పై భాగం మూతలా ఊడివస్తే దాన్ని క్యాపింగ్ అంటాం. గోడ రాపిడి ఎక్కువై, బయటికి నెట్టేటప్పుడు మాత్రలో ఒత్తిడి అసమానంగా పడితే క్యాపింగ్ రావచ్చు. స్టియరేట్ ఎక్కువై కణాల మధ్య పట్టు సడలి, పంచ్ ఒత్తిడి తీసేశాక మాత్ర ఉబ్బే ఉబ్బును ఆపలేకపోతే అప్పుడూ క్యాపింగే వస్తుంది. ఒక ట్రయల్ బ్యాచ్‌లో గూడూరు నుంచి వచ్చిన సీనియర్ ఆపరేటర్ ఒకాయన హార్డ్‌నెస్ టెస్టర్ దవడల మధ్య మాత్రను పెట్టి, అది నిలువునా చీలకుండా మూత ఊడినట్టు పైపొర లేవడం చూపించి, “సార్, ఇంకో పావు శాతం స్టియరేట్ వేస్తే కుదురుకుంటుందేమో” అన్నాడు. “ముందు ఎజెక్షన్ ఫోర్స్ చూద్దామన్నా” అన్నాను. తెర మీద అది తక్కువగానే ఉంది, మాత్ర అంచున గీతలు లేవు. కంప్రెషన్ ఫోర్స్‌ను మెట్టుమెట్టుగా పెంచుతూ పోతే హార్డ్‌నెస్ కొంతదాకా పెరిగి, తరువాత పెరగడం మానేసి, ఆపైన తగ్గింది. రాపిడి తక్కువ, గట్టిదనమూ తక్కువ అంటే లోపం కణాల మధ్య పట్టులోనే ఉందన్నమాట. అక్కడ పావు శాతం పెంచి ఉంటే రోగం ముదిరేదే. ఆయన తప్పు ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఆయనకు మా వంటి వాళ్లు నేర్పింది ‘క్యాపింగ్ అంటే లూబ్రికేషన్ చాలలేదు’ అనే ఒంటి సూత్రమే.

ఇంతవరకు చెప్పింది పరిమాణం గురించి. దాని మీద పాఠ్యపుస్తకాలు చాలానే చెబుతాయి. కూర్పు గురించి చెప్పేది తక్కువ. నేను ఎక్కువ సేపు ఆగదలచుకున్నది ఇక్కడే.

అమెరికా, ఐరోపా, జపాన్ ఫార్మకోపియాలు, అంటే మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథాలు, మెగ్నీషియం స్టియరేట్ విషయంలో చాలావరకు ఒక మాట మీదికి వచ్చాయి. మెగ్నీషియం 4.0 నుంచి 5.0 శాతం ఉండాలి. కొవ్వు ఆమ్లాల భాగంలో స్టియరిక్ ఆమ్లం 40 శాతానికి తగ్గకూడదు. స్టియరిక్, పాల్మిటిక్ ఆమ్లాలు రెండూ కలిపి 90 శాతానికి తగ్గకూడదు. ఆరబెడితే తగ్గే బరువు 6.0 శాతానికి మించకూడదు. ఈ నిబంధనలు స్వచ్ఛతకు కాపలా కాస్తాయి, అందులో లోటు లేదు. కానీ వాటి లోపల ఎంత ఖాళీ ఉందో చూడండి. స్టియరిక్ 95 శాతం ఉన్న సరుకూ, స్టియరిక్ 42, పాల్మిటిక్ 56 ఉన్న సరుకూ ఒకే పేరుతో, ఒకే ‘ఉత్తీర్ణత’తో మన స్టోరుకు చేరవచ్చు. రెండో దానిలో పాళ్ల ప్రకారం చూస్తే స్టియరేట్ కన్నా పాల్మిటేటే ఎక్కువ. స్టియరిక్ ఆమ్లం గొలుసులో 18 కార్బన్లు, పాల్మిటిక్‌లో 16. తేడా చిన్నదే గానీ, పొడవు వేరైన గొలుసులు పక్కపక్కన చేరినప్పుడు రేకుల అమరిక మారుతుంది, ఆ రేకులు ఒకదాని మీద ఒకటి జారే తీరూ మారుతుంది.

ఈ పాళ్లు ఎక్కడినుంచి వస్తాయంటే ముడిసరుకు నుంచి. ఒకప్పుడు పశువుల కొవ్వు నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లమే ఎక్కువగా వాడేవారు. 1990లలో ఐరోపాలో పశువులకు వచ్చిన మెదడు వ్యాధి గురించి భయం పుట్టాక, చాలా కంపెనీలు పామాయిల్ వంటి వృక్షమూలాల వైపు మళ్లాయి. శాకాహారం, హలాల్ పట్టింపులున్న మన దేశంలో ఆ మార్పుకు అభ్యంతరం చెప్పేవాళ్లు లేకపోగా స్వాగతించినవాళ్లే ఎక్కువ, నాతో సహా. అయితే పామాయిల్‌లో పాల్మిటిక్ ఆమ్లమే 40 శాతం పైచిలుకు ఉంటుంది. దాన్ని ఎంతమేరకు వేరుచేశారన్న దాన్నిబట్టి చివరి స్టియరేట్ కూర్పు ఉంటుంది. ‘జంతుమూలం కాదు’ అనే ధ్రువపత్రం మనం అడిగి తీసుకుంటాం. కొవ్వు ఆమ్లాల పాళ్ల అంకెలను మాత్రం పరీక్షా పత్రంలో ‘నిబంధనకు లోబడి ఉంది’ అన్న మాటతో సరిపెట్టుకుంటాం.

నీటి సంగతి ఇంకా ఆసక్తికరం. మెగ్నీషియం స్టియరేట్ నీరు లేకుండా ఉండగలదు. ఒక అణువుకు ఒకటి, రెండు, మూడు నీటి అణువులను పట్టుకునీ ఉండగలదు. లెక్క వేస్తే మోనోహైడ్రేట్‌లో నీరు సుమారు 3 శాతం, డైహైడ్రేట్‌లో 5.7 శాతం, ట్రైహైడ్రేట్‌లో 8.4 శాతం వస్తుంది. ఫార్మకోపియా గీసిన గీత 6 శాతం. అంటే శుద్ధమైన ట్రైహైడ్రేట్ ఆ గీత దాటుతుంది గానీ, నిర్జలం, మోనో, డైహైడ్రేట్, వీటి మిశ్రమాలు, స్ఫటిక రూపమే లేనిదీ, అన్నీ గీత లోపలే ఇముడుతాయి. ఆరబెట్టినప్పుడు 4 శాతం తగ్గిందని కాగితం చెబితే, అది కొంత డైహైడ్రేటూ కొంత నిర్జల రూపమూ కావచ్చు, మోనోహైడ్రేట్ మీద పైపై తేమ కావచ్చు. ఏదన్నది ఎక్స్-రే డిఫ్రాక్షన్ చూస్తే గానీ, వేడితో నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర విడుస్తోందో చూస్తే గానీ తేలదు. డైహైడ్రేట్ రేకులు ఎక్కువ సులువుగా జారతాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. అన్ని అధ్యయనాలూ ఒకే వైపు మొగ్గలేదన్నదీ నిజమే. అలా మొగ్గకపోవడానికి ఒక కారణం, పోల్చిన నమూనాల మధ్య నీరొక్కటే కాక రేణువు సైజు, కొవ్వు ఆమ్లాల పాళ్లు కూడా కలిసి మారిపోవడం.

తయారీలో ఈ రూపాన్ని నిర్ణయించేది అవక్షేపణ జరిగే ఉష్ణోగ్రత, ద్రావణం క్షారత, చివర్లో ఎంత వేడితో ఆరబెట్టారన్నది. సోడియం స్టియరేట్ ద్రావణంలో మెగ్నీషియం లవణం కలిపి అవక్షేపంగా తీసిన స్టియరేట్ ఒక తీరు, స్టియరిక్ ఆమ్లాన్ని కరిగించి మెగ్నీషియం ఆక్సైడ్‌తో నేరుగా కలిపి తీసినది ఇంకో తీరు. పైగా మన స్టోరుకు వచ్చాక కూడా మార్పు ఆగదు. నిర్జల రూపం తేమ ఎక్కువైన గాలిలో నీటిని పట్టుకుని ట్రైహైడ్రేట్‌గా మారగలదు. చెన్నైలో నవంబరు వానల్లో కంప్రెషన్ గదిలో డీహ్యూమిడిఫైయర్ గట్టిగానే పనిచేస్తుంది గానీ, సగం వాడి పాలిథిన్ సంచి మూతి దారంతో కట్టి వదిలిన డ్రమ్ము తూకం వేసే డిస్పెన్సింగ్ గది బయట ఎన్నాళ్లుంటుందో ఎవరూ రాసిపెట్టరు.

మూడోది ఉపరితల వైశాల్యం. లూబ్రికేషన్‌లో పని చేసేది స్టియరేట్ బరువు కన్నా అది ఎంత మేర పరుచుకోగలదన్నది. 500 మిల్లీగ్రాముల మాత్రలు లక్ష చేసే బ్యాచ్‌ను తీసుకోండి: మొత్తం 50 కిలోలు, ఒక శాతం చొప్పున స్టియరేట్ 500 గ్రాములు. గ్రాముకు 5 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న సరుకైతే ఆ 500 గ్రాములకు 2,500 చదరపు మీటర్లు, అంటే సుమారు 62 సెంట్లు. గ్రాముకు 10 చదరపు మీటర్లున్న సరుకైతే 124 సెంట్లు, ఎకరం పావుకు దగ్గర. బ్యాచ్ రికార్డులో రెండు చోట్లా రాసి ఉండేది ‘500 గ్రాములు’. పేరు మారలేదు, బరువు మారలేదు, పరీక్షా పత్రం పాసే. మాత్ర మాత్రం మెత్తబడింది. ఇక దర్యాప్తు మొదలై పంచ్‌లు మార్చడం, రోలర్లు చూడడం, ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇవ్వడం, అన్నీ జరుగుతాయి.

కూర్పుతో పాటు కలిపే తీరు కూడా లెక్కలోకి రావాలి, ఎందుకంటే పూత ఎంత పరుచుకుందన్నది రెండింటి ఉమ్మడి ఫలితం. స్టియరేట్‌ను సన్న జల్లెడ పట్టి, అన్నిటికన్నా చివర వేసి, కొద్ది నిమిషాలే తిప్పాలన్నది అందరికీ తెలుసు. ఆ ‘కొద్ది నిమిషాల’ను ప్రయోగశాల బ్లెండర్ నుంచి ప్లాంటు బ్లెండర్‌కు యథాతథంగా తీసుకుపోవడంలోనే మోసం ఉంది. 2010లో కుష్నర్, మూర్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం పూత పరుచుకోవడం బ్లెండర్ ఘనపరిమాణపు ఘనమూలం, పైన వదిలిన ఖాళీ భాగం, తిరిగిన చుట్ల సంఖ్య, ఈ మూడింటి లబ్ధాన్ని బట్టి సాగుతుంది. 10 లీటర్ల బ్లెండర్ నుంచి 1,000 లీటర్ల బిన్‌కు వెళితే, నింపే మట్టం ఒకటే అయినా ఒక్కో చుట్టు సుమారు 4.6 రెట్లు ఎక్కువ పూత పూస్తుంది. పెద్ద బిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి నిమిషాలు సమానం చేయడంలో ఈ తేడా కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. దీనికి తోడు మెషీన్ ఫీడ్ ఫ్రేమ్‌లో తెడ్లు పొడిని ఇంకా కలుపుతూనే ఉంటాయి. మెషీన్ ఆగి ఆగి నడిచిన రోజున ఫ్రేమ్‌లో నిలిచిపోయిన పొడితో చేసిన మాత్రలు మిగతావాటికన్నా మెత్తగా రావడానికి ఇదొక కారణం.

సిలికా ఎప్పుడు వేశామన్నదీ పట్టించుకోవాలి. కొల్లాయిడల్ సిలికా స్టియరేట్‌ను తనవైపు లాక్కుని, ఫిల్లర్ కణాల మీద పూత పడకుండా కొంత అడ్డుపడుతుందని గ్రోనింగెన్ పరిశోధకులే 1977లో చూపించారు. ఎజెక్షన్‌ను మరీ దెబ్బతీయకుండా గట్టిదనాన్ని కొంత కాపాడుకునే ఈ ఉపాయం మన దగ్గర తెలిసి వాడేవారికన్నా తెలియక వాడేవారే ఎక్కువ.

గట్టిదనం పోయినా ఒత్తిడి పెంచి కొంత సర్దుకోవచ్చు. కరగడం పోతే సర్దుకునే దారి తక్కువ. నీటిని దగ్గరికి రానీయని పూత మందు కణం మీద ఉంటే కడుపులో అది తడవడమే ఆలస్యం. లెవీ, గుమ్టోవ్ 1963లో సాలిసిలిక్ ఆమ్లం మాత్రల మీద చేసిన పనిలో మెగ్నీషియం స్టియరేట్ కరగడాన్ని నెమ్మదింపజేసింది, సోడియం లారిల్ సల్ఫేట్ వేగవంతం చేసింది. ఈ రెండూ కలిపిన మిశ్రమాలను ఆ తరువాత అమ్మకానికి తెచ్చారు కూడా. డిసొల్యూషన్ (మందు కరిగే) పరీక్ష ఫలితం తక్కువ వచ్చినప్పుడు మనవాళ్లు వెంటనే మాత్రను ముక్కలు చేసే డిసింటిగ్రెంట్ పెంచుతారు; మాత్ర ముక్కలుగా విడిపోయి, ముక్కలు మాత్రం తడవకుండా పాత్ర అడుగున కుప్పగా ఉండడం చూసినా సరే.

ఇంత గొడవ ఎందుకు, స్టియరేట్‌నే మానేస్తే పోదా అనే వాదన ఉంది. దానికి సగం మాత్రమే ఒప్పుకుంటాను. కొన్ని మందులకు మానక తప్పదు: ఆస్పిరిన్‌ను మెగ్నీషియం స్టియరేట్ తొందరగా విచ్ఛిన్నం చేస్తుంది కాబట్టి అక్కడ స్టియరిక్ ఆమ్లం వంటిది నయం. క్లోపిడోగ్రెల్ అసలు బ్రాండు ప్లావిక్స్‌లో హైడ్రోజనేటెడ్ ఆముదం ఉంటుంది, మెగ్నీషియం స్టియరేట్ ఉండదు. నీళ్లలో వేసి తాగే ఎఫర్వెసెంట్ మాత్రల్లో తెట్టు కట్టే స్టియరేట్‌కు చోటే లేదు. సోడియం బెంజోయేట్, పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటి నీటిలో కరిగేవే వేయాలి. సోడియం స్టియరిల్ ఫ్యూమరేట్ విషయం వేరు. అది ఎక్కువ సేపు కలిపినా గట్టిదనాన్ని అంతగా తీయదు, తడవడాన్ని అంతగా అడ్డదు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఖరీదైనది వేస్తే చిక్కు తీరిందనుకోవడం కూడా ఒక బద్ధకమే, ఎందుకంటే దాని రేణువు సైజు, వైశాల్యం కూడా ఎవరో ఒకరు చూడాల్సినవే. గ్లిసరిల్ బెహెనేట్ సాధారణంగా 1 నుంచి 3 శాతం దాకా వేయవలసి వస్తుంది. అది మాత్ర బరువులో చిన్న భాగమేమీ కాదు.

ఇక్కడ ఒక పక్కదారి మాట. స్టియరేట్ పేగులకు పూత పూస్తుంది, మందు ఒంటబట్టనీయదు, విషం అంటూ ఆరోగ్య చిట్కాల వీడియోల్లో వినిపించే భయం గురించి బంధువులు నన్ను అడుగుతుంటారు. 500 మిల్లీగ్రాముల మాత్రలో ఒక శాతం అంటే 5 మిల్లీగ్రాములు. ఒక చెంచా నేతిలో ఉండే స్టియరిక్ ఆమ్లం దానికి ఎన్నో రెట్లు. నేను వాదిస్తున్నది స్టియరేట్ చెడ్డదని కాదు.

కొనుగోలు విభాగం వైపు నుంచి వచ్చే అభ్యంతరం నిజాయితీగల అభ్యంతరమే: “ఫార్మకోపియా పాస్ అయిన సరుకును ఎందుకు వద్దంటున్నారు సార్? కిలోకు ఇంత తక్కువకు వస్తుంటే ఆడిట్‌లో ఏమని చెప్పాలి?” దీనికి జవాబు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1995లో ఇచ్చిన మార్గదర్శకంలోనే సగం ఉంది. ఆమోదం పొందిన మాత్ర ఫార్ములాలో చిన్న మార్పులుగా లెక్కించదగినవాటికి అది హద్దులు గీసింది: ఫిల్లర్‌కు మాత్ర బరువులో 5 శాతం దాకా, కణాలను అతికించే బైండర్‌కు అర శాతం, మెగ్నీషియం లేదా కాల్షియం స్టియరేట్‌కు పావు శాతం. ఆ పట్టికలో అన్నిటికన్నా ఇరుకైన వాటిలో స్టియరేట్ గడి ఒకటి. పావు శాతం పరిమాణం మార్చడానికే అంత జాగ్రత్త కావాల్సిన పదార్థంలో, పరిమాణం మార్చకుండానే వైశాల్యాన్ని రెట్టింపు చేసే సరుకు మార్పును ధరల పట్టిక చూసి ఎలా చేస్తాం?

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. స్టియరేట్ కొనుగోలు ఆర్డరులో గ్రేడు పేరుతో పాటు స్టియరిక్–పాల్మిటిక్ పాళ్లకు, హైడ్రేట్ రూపానికి, ఉపరితల వైశాల్యానికి మన సొంత హద్దులు రాయాలి. అవి ఫార్మకోపియా హద్దులకన్నా ఇరుకుగా, మన ఫార్ములా అభివృద్ధిలో వాడిన సరుకు చుట్టూ ఉండాలి. సరఫరాదారు మారితే పరీక్షా పత్రాలను పోల్చి సంతకం పెట్టకుండా, ఒక చిన్న ట్రయల్‌లో పాత సరుకుతోనూ కొత్త సరుకుతోనూ కంప్రెషన్ ఫోర్స్ మెట్టుమెట్టుగా పెంచుతూ హార్డ్‌నెస్, ఎజెక్షన్ ఫోర్స్ రెండింటినీ పక్కపక్కన గీయాలి. కలిపే సమయాన్ని ఉద్దేశపూర్వకంగా రెట్టింపు చేసి ఇంకోసారి గీయాలి. రెండు గీతలూ పెద్దగా విడిపోకపోతే ఫార్ములా తట్టుకుంటుందని నమ్మవచ్చు, విడిపోతే స్టియరేట్ తగ్గించడమో, ఫిల్లర్‌లో పగిలే పదార్థం పాళ్లు పెంచడమో చేయాలి. ఎజెక్షన్ ఫోర్స్‌కు బ్యాచ్ రికార్డులో ఒక గడి పెట్టాలి. స్టియరేట్ ప్రతి లాట్ నుంచి కాస్త తీసి, గాలి చొరబడని సీసాలో, ఆ లాట్ వాడిన ఆఖరి బ్యాచ్ గడువు తీరేదాకా దాచాలి. ఇప్పుడు చాలా చోట్ల మందు పదార్థం నమూనా మాత్రం భద్రంగా ఉంటుంది, స్టియరేట్ నమూనా అడిగితే ఖాళీ డ్రమ్ము ఫోటో వస్తుంది.